ఎవరు లేరో చూసే మనిషి

సూర్యాపేటకు దగ్గరలోని ఒక పాఠశాల బీరువాలో, ఒక పాత ఫైలు మధ్య, నా చేతిరాతతో ఒక కాగితం ఉంది. అందులో నాలుగు వాక్యాలున్నాయి. నాలుగోది ఇది: "పై విషయాలకు పుస్తకాధారం ఏదీ కనబడలేదు." కింద నా సంతకం. ఆ కాగితం ఒక మనిషిని అబద్ధాలకోరును చేసింది. దాన్ని రాసింది నేనే గనుక, దాని పక్కన పెట్టడానికి ఇంకొకటి రాయవలసినవాణ్నీ నేనే. ఇందుకు నాకు పదేళ్లు పట్టింది. మొదటి మూడేళ్లు నిజం తెలియక. మిగతా ఏడేళ్లు తెలిసి.

నేను చదివింది ఏడో తరగతి. సూర్యాపేటలో నాకు సైకిళ్లు, మోపెడ్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పొద్దున లైబ్రరీ తెరిచినప్పటి నుంచి మధ్యాహ్నం మూసేదాకా అక్కడే ఉండి, ఆ తరవాత దుకాణం తెరిచేవాణ్ని. తెలుగు పుస్తకాలు అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లిషు పుస్తకాల మీద పడ్డాను. ఒక్కో పేజీకి ఒక్కో పొద్దు పట్టినా వదల్లేదు. కొన్నాళ్లకు జనం నన్ను "లైబ్రరీ సారు" అనడం మొదలుపెట్టారు. చేతులకు గ్రీజు అంటిన మనిషిని సారూ అని పిలిస్తే ఎలా ఉంటుందో, అలా పిలిపించుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ పిలుపు కోసం నేను ఏమైనా చేసేవాణ్ని. చేశాను కూడా.

ఆ లైబ్రరీకి మిల్ట్రీ తాత వచ్చేవాడు. అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. ఊరు తిరుమలగిరి దగ్గర. గొర్ల కాపరుల ఇల్లు. వారానికి రెండు మూడుసార్లు మొదటి బస్సుకు సూర్యాపేట వచ్చేవాడు. ఎందుకు వచ్చావు తాతా అంటే, "ఊర్ల ఎవలున్నరు, అందరు చేన్లకు పాయె" అనేవాడు. ఎనభై దాటిన మనిషి. కర్రను మెడ వెనకాల అడ్డంగా పెట్టి, రెండు చేతులూ దాని మీద వేలాడేసి నడిచేవాడు. లోపలికి రాగానే కర్ర గోడకు ఆనించి, గుమ్మంలోనే ఆగి, బల్లల మీదుగా ఒకసారి కళ్లు తిప్పేవాడు. తరవాత లైబ్రేరియన్ సుభద్ర మేడంతో ఒకే మాట అనేవాడు.

"కండ్లద్దాల పంతులు రాలేదేందమ్మా ఇయ్యాల?"

ఇంకో రోజు, "ఆ పొడుగు పిలగాడు, పరీచ్చలకు సదివేటోడు, మూడు దినాలాయె కానొస్తలేడు. పానం బాగలేదా?"

మేడం నవ్వేది. "తాతా, వచ్చినోళ్లను చూడవు, రానోళ్లనే చూస్తవు."

"వచ్చినోల్లు ఎట్లయినా కానొస్తరు గదమ్మా."

ఆయనకు చదువు రాదు. పేపరు ముందు పెట్టుకొని బొమ్మలు చూసేవాడు. మంచినీళ్లు తాగితే గ్లాసు అడుగున ఒక్క గుక్క మిగిల్చి, గ్లాసు పక్కన పెట్టి, కాసేపు ఎవరి కోసమో చూస్తున్నట్టు కూచుని, తరవాతే ఆ గుక్క తాగేవాడు. ఛాయ్ కూడా అంతే. ఆ గుక్క తాగేసరికి చల్లారిపోయేది. "చల్లారితే ఏంది, ఉన్నది గద" అనేవాడు.

ఆయన దగ్గర ఒకే ఒక కథ ఉండేది. ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు. నేను పాతికసార్లయినా విన్నాను.

పడుచువాడుగా ఉన్నప్పుడు ఏదో రోగం వచ్చి మందంతా చచ్చిపోతే, సికింద్రాబాదు వెళ్లి తెల్లదొరల సైన్యంలో చేరాడట. లారీ నడపడం నేర్పి, ఓడెక్కించి, చెట్టన్నది లేని ఇసుక దేశానికి పంపారట. అక్కడ ఆయన పని నీళ్ల లారీ నడపడం. ఒక తెల్లవారుజామున వెనక్కి మళ్లుతుండగా శత్రువులు చుట్టుముట్టారు. తమ తెల్ల జనరల్ దొరతో సహా అందరినీ పట్టుకున్నారు. తీసుకుపోవడానికి బండ్లు లేక, అందరినీ ఒక రాతి గోడల ఆవరణలోకి తోలారు.

"గోడలు సూసిన. కింద సూసిన. పెంటికెలు. ఇది గొర్ల దొడ్డి అనుకున్న. దొర వచ్చి నా పక్కకే కూసున్నడు, ఆ పెంటికెల మీదనే. టోపి లేదు. ముఖమంత పగిలిపోయింది ఎండకు. సాబ్, యే భేడోఁ కా బాడా హై అన్న. నీకెట్ల తెలుసన్నడు. మాది గొర్ల ఇల్లు సాబ్ అన్న."

కాపలా వాళ్లు రోజూ పొద్దున ఖైదీలను లెక్కపెట్టేవారు. ఎప్పుడూ కుదిరేది కాదు. జ్వరాలతో కొందరు గోడ పక్కన పడి ఉండేవారు, కొందరు కదిలేవారు. లెక్క కుదిరేదాకా నీళ్లు ఇచ్చేవారు కాదు. ఒకరోజు మధ్యాహ్నం దాకా అలా ఎండలో నిలబెట్టాక, జనరల్ తాతను అడిగాడట: మీ ఇంట్లో గొర్రెలను ఎలా లెక్కపెడతారు?

"లెక్క పెట్టం సాబ్ అన్న. మందను లెక్కపెడితే మంచిది గాదంటరు మా ఇండ్లల్ల. దొడ్డి తలుపు కాడ నిలబడి ఎవలు లేరో సూస్తం. మొఖాలు ఎరుకుంటె సాలు. లేనిది దానంతటదే కానొస్తది అన్న. దొర తెల్లారి నుంచి పది మందికి ఒకన్ని పెట్టిండు. నువ్వు గిన్తీ చెయ్యకు, కౌన్ నహీఁ హై, ఎవలు లేరో అది సూడు అన్నడు. గట్లనే ఒకడు దొరికిండు, మద్రాసోడు, గోడ సందుల పడి ఉండె. ఇంకో పూట అయితే ఖతం."

పదకొండో రోజున బండి వచ్చింది. జనరల్‌ను ఒక్కడినే తీసుకుపోయారు. కథ ఎప్పుడూ అక్కడే ఆగేది. "ఆ తెల్లారి గాల్ల లెక్క టక్కున కుదిరింది. మా లెక్క కుదరలే. దొర లేడు గద."

ఆ తరవాత ఇటలీలో జైలు. దాని గురించి అడిగితే ఒక్క ముక్కే చెప్పేవాడు. "గాడ గొర్లు మన గొర్లే. పాలు గడ్డ గట్టిచ్చి తింటరు. మంచిగనే ఉంటది."

రెండువేల మూడులో, పంద్రాగస్టుకు రెండు వారాల ముందు, ఆ పాఠశాల హెడ్మాస్టరు వెంకటయ్య సారు లైబ్రరీకి వచ్చాడు. జెండా పండుగనాడు ఒక పాత సైనికునికి శాలువా కప్పాలని వాళ్ల ఆలోచన. మిల్ట్రీ తాత పేరు ఎవరో చెప్పారు. తాత దగ్గర కాగితాలేమీ లేవు. ఏనాడో ఇల్లు కురిసి తడిసిపోయాయట.

"మీరు చదివిన మనిషి" అన్నాడు సారు నాతో. "ఆయన చెప్పేది నిజమో కాదో చూసి ఒక కాగితం మీద రాసియ్యండి. పిల్లల ముందు చదవాలె గద, తప్పు పోవద్దు."

ఒక హెడ్మాస్టరు నన్ను మీరు అన్నాడు. ఆ రోజు నేను దుకాణం తెరవలేదు.

లైబ్రరీలో రెండో ప్రపంచ యుద్ధం మీద ఇంగ్లిషులో ఒకే పుస్తకం ఉండేది, ఇటుకంత లావు. దాంట్లో, తాత చెప్పే పేరుతోనే, ఆ జనరల్ ఉన్నాడు. ఎక్కడ పోరాడాడు, ఎక్కడ పట్టుబడ్డాడు, ఇటలీలో ఒక కొండ మీది కోటలో మిగతా జనరల్స్‌తో కలిపి ఎలా బంధించారు, ఆ దేశం ఓడిపోయాక కొండ పల్లెల్లో దాక్కుంటూ ఎలా బయటపడ్డాడు, అంతా ఒకటిన్నర పేజీలో ఉంది. పట్టుబడిన వాక్యం తరవాతి వాక్యమే కోట. దొడ్డి లేదు. పదకొండు రోజులు లేవు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న చుక్కలో పదకొండు రోజులు పట్టవచ్చునని నాకు తోచలేదు.

తాతకు కబురు తెలిసింది. ఆదివారం కొత్త ధోవతి కట్టుకొని, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకొని వచ్చాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. బల్లల దగ్గర పాతిక మంది దాకా ఉన్నారు. ఆయన్ని పక్కకు పిలిచి మాట్లాడవచ్చు. నేను పిలవలేదు. లావు పుస్తకం తెరిచి, అందరికీ వినబడేలా అడిగాను.

"తాతా, జనరల్‌తోటి నువ్వు ఏ భాషల మాట్లాడినవ్?"

"ఉర్దూల."

"ఇంగ్లండు జనరల్‌కు ఉర్దూ ఎట్లొస్తది?"

"వచ్చు. మంచిగొచ్చు. నాకంటె మంచిగ మాట్లాడేటోడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. "ఈ పుస్తకంల ఏమున్నదంటే, జనరల్స్‌ను వేరుగ కోటల పెట్టిండ్రు. సిపాయిలతోటి కాదు. గొర్ల దొడ్డి ముచ్చటే లేదు."

తాత పుస్తకం వైపు చూశాడు. "అండ్ల దొర ఉన్నడా?"

"ఉన్నడు."

"నేను?"

"నువ్వు లేవు."

"దొర ఉంటె నేను ఉండాలె బిడ్డా. పక్కకే కూసున్న."

పరీక్షలకు చదివే కుర్రవాడొకడు అన్నాడు, "ఫోటో దిగేటప్పుడు జర పక్కకు జరుగుమన్నరేమో తాతా!"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. అది నన్ను ఇప్పటికీ వదలదు, ఆయన కూడా నవ్వడం. కొంచెంసేపు కూచున్నాడు. మేడం ఇచ్చిన నీళ్లు తాగి, ఎప్పటిలాగే ఒక గుక్క మిగిల్చి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. గుండీ ఒకటి విప్పుకున్నాడు. కర్ర తీసుకొని బయటికి నడిచాడు. ఆ గుక్క అలాగే ఉంది. మూసే వేళకు మేడం దాన్ని మొక్కలో పోసింది.

నేను కాగితం రాసి సంతకం పెట్టాను. బడివాళ్లు ఆ ఏడు శాలువాను రిటైరైన ఒక ఉద్యోగికి కప్పారు.

మా లైబ్రరీలో రోజూ ఎంతమంది చదువరులు వచ్చారో రిజిస్టరులో రాయాలి. మేడంకు సాయంగా ఆ పని నేనే చేసేవాణ్ని. ఆ ఆదివారం నలభై ఒకటి రాశాను. మంగళవారం నలభై. బుధవారం నలభై మూడు. అంకెలు బాగానే ఉన్నాయి. తాత మళ్లీ రాలేదని నాకు తట్టింది మూడు వారాల తరవాత, అదీ మేడం అడిగితే.

మూడేళ్లు గడిచాయి. కోదాడలో ప్రసాదరావు గారని రిటైరైన ఇంగ్లిషు లెక్చరరు ఉండేవారు. అప్పుడప్పుడు మా లైబ్రరీకి వచ్చి, నిఘంటువుతో కుస్తీ పడే నన్ను చూసి ముచ్చటపడేవారు. ఆయన ఇంట్లో రెండు బీరువాల నిండా పాత ఇంగ్లిషు పుస్తకాలున్నాయంటే ఒకరోజు బస్సెక్కి వెళ్లాను.

"యుద్ధాల మీద ఇష్టం అన్నారుగా, ఇది చూడండి" అని అట్ట ఊడిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. "ఎవరో జనరల్ ముసలితనంలో రాసుకున్నాడు. నేనూ పూర్తిగా చదవలేదు. తీసుకెళ్లండి, కానీ తిరిగివ్వాలండోయ్!"

ఆ జనరలే. సూర్యాపేట చేరేలోపు బస్సులోనే ఆ పేజీ దొరికింది. అర్థం కాని మాటలు చాలా ఉన్నా, అర్థమైనవి చాలు. పట్టుబడ్డాక పదకొండు రోజులు తన మనుషులతోపాటు ఒక రాతి గొర్రెల దొడ్డిలో ఉన్నానని రాశాడు. నిజాం రాజ్యం నుంచి వచ్చిన ఒక లారీ నడిపే సిపాయి, గొర్రెల కాపరి, తనతో ఉర్దూలో మాట్లాడాడని రాశాడు. హిందుస్తానీ సైన్యంలో పనిచేసే తెల్ల అధికారులంతా ఉర్దూ పరీక్ష రాసి పాసు కావాలని ఇంకోచోట ఉంది. లెక్కపెట్టవద్దు, ఎవరు లేరో చూడు అన్న ఆ కాపరి మాట తనకు కోటలో పనికొచ్చిందని, యుద్ధం అయ్యాక పాత సైనికులు కలిసే ప్రతి విందులో గుమ్మం దగ్గర ఆగి ముందు రాని ముఖాలను వెతికేవాణ్నని రాశాడు. చివర ఒక మాట. ఆ కాపరి పేరు తనకు గుర్తు లేదట. మనుషుల ముఖాలు గుర్తుంచుకోవడం నేర్పినవాడి పేరే మరిచిపోయినందుకు సిగ్గుపడుతున్నానని రాశాడు.

ఆ పేరు నాకు తెలుసు. కాగితం మీద రాశాను కూడా, నాలుగు వాక్యాల పైన.

మర్నాడే తిరుమలగిరి బస్సు ఎక్కవలసింది. ఎక్కలేదు. పాఠశాలకు వెళ్లవలసింది. వెళ్లలేదు. ఒక్క మాట ఒప్పుకుంటే నన్ను సారూ అనడం మానేస్తారేమో అనిపించింది. ముందు పుస్తకం మొత్తం చదవాలి కదా అనుకున్నాను. చదివాను. పుస్తకం ప్రసాదరావు గారికి తిరిగి ఇచ్చేశాను. ఎలా ఉందని అడిగితే, బాగుందన్నాను.

మరుసటి ఏడు యాసంగి కోతలయ్యాక, త్రిపురారంలో మా బావమరిది సైదులు ఇంటికి వెళ్లాను. అక్కడివి కాలువ కింది వరి పొలాలు. కోతలైన మళ్లలో ఎరువు కోసం గొర్రెలను పెట్టించుకుంటారు. మెట్ట ప్రాంతాల నుంచి కాపరులు మందలతో వచ్చి, పొలంలోనే వల చుట్టూ కట్టి గొర్రెలను ఉంచుతారు. పొద్దున సైదులుతో పొలానికి వెళ్తే, వల పక్కన మంచం మీద, గొంగడి కప్పుకొని, మిల్ట్రీ తాత కూచుని ఉన్నాడు.

కొడుకు మల్లయ్య వల ఒక పక్క ఎత్తాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వస్తున్నాయి. నేను లెక్కపెడదామని చూసి, ఇరవై దాటాక తప్పిపోయాను. తాత పెదవులు కదలడం లేదు. కళ్లు కూడా సగమే తెరిచి ఉన్నాయి. చివరి గొర్రె బయటికొచ్చాక అన్నాడు:

"మల్లిగా, ఒంటిచెవి నల్లది లేదు."

"ఉంటది తియ్యి నాయినా, నడుమ ఉంటది."

"లేదన్న గద. కాలువ దిక్కు సూడు పో."

మల్లయ్య గొణుక్కుంటూ వెళ్లాడు. కాసేపటికి ఒంటిచెవి నల్లగొర్రెను భుజాన వేసుకొచ్చాడు. కాలువ గట్టు జారి బురదలో దిగబడి ఉందట. బస్సులో చదివిన పేజీ నా కళ్ల ముందు నడిచొస్తున్నట్టు ఉంది.

తాత నన్ను గుర్తుపట్టాడు. "లైబ్రరీ సారువు గదా? కూసో, కూసో. లింగమ్మా, సారుకు ఛాయ్ పొయ్యి." కోడలు ఛాయ్ ఇచ్చింది. లైబ్రరీలో ఎవరెవరు రావడం లేదో అడిగాడు. కండ్లద్దాల పంతులు పోయాడంటే తల ఊపాడు.

సైదులుకు నన్ను పొగడడం సరదా. "మా బావ సదవని పుస్తకం లేదు తాతా. ఇంగిలీషు గిట్ల నీళ్లు తాగినట్టు సదువుతడు."

తాత నా వైపు వంగాడు. వెటకారం లేదు ఆ ముఖంలో. నిజంగానే అడిగాడు. "ఇంకా సదువుతున్నవా సారూ? మంచిది. మా దొర ముచ్చట ఇంక ఏ పుస్తకంలన్న కానొచ్చిందా? గా దొడ్డి ముచ్చట?"

మల్లయ్య గొర్రె కాళ్లు కడుగుతూ తలెత్తాడు. సైదులు నా జవాబు కోసం నవ్వుతూ చూస్తున్నాడు. పక్క పొలం రైతు కూడా గట్టు మీద ఉన్నాడు.

"లేదు తాతా" అన్నాను.

ఆయన నా మోకాలు మీద చెయ్యి వేశాడు. నన్ను ఊరడించడానికి. "పోనీ తియ్యి. పెద్ద యుద్ధం. ఎందర్నని రాస్తరు పాపం."

గ్లాసు అడుగున మిగిలిన గుక్క ఛాయ్ అప్పుడు తాగాడు.

రెండేళ్ల తరవాత మల్లయ్య మోపెడు నెట్టుకుంటూ నా దుకాణానికి వచ్చాడు. వెనక టైరు పంక్చరు. గుండు గీయించుకొని ఉన్నాడు. "నాయిన పోయిండు సారూ. పదమూడు దినాలాయె." నా చేతిలో ట్యూబు ఉంది, నీళ్ల తొట్టిలో బుడగలు వస్తున్నాయి. చెప్పేశాను. పుస్తకం ఉందని, అన్నీ ఉన్నాయని, దొడ్డి, ఉర్దూ, పదకొండు రోజులు, అన్నీ. ఆ పేజీ చేత్తో నకలు రాసుకున్న కాగితం గల్లాపెట్టెలో ఉంది. తీశాను.

"సదువు" అన్నాడు.

తెలుగులో చెప్పుకుంటూ చదివాను.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"గీ పుస్తకం నీకు ఎప్పుడు దొరికింది?"

చెప్పాను.

"అంటె త్రిపురారం ముచ్చటకు ముందే."

"ముందే."

"నేను గాడనే ఉన్న. గొర్రె కాళ్లు కడుగుతున్న." టైరు ఎక్కించేదాకా పక్కనే నిలబడి, మోపెడు స్టార్టు చేసుకొని వెళ్లిపోయాడు.

ఆ తరవాత కూడా నేను నాలుగేళ్లు ఊరుకున్నాను. దీనికి చెప్పుకోదగిన కారణం ఒక్కటీ లేదు. మొన్న ఏదో పని మీద ఆ పాఠశాలకు వెళ్తే, వెంకటయ్య సారు స్థానంలో వచ్చిన కొత్త హెడ్మాస్టరు పాత ఫైళ్లు సర్దుతున్నాడు. నా కాగితం పైకి తీసి చూపించి, "మీరేనా సార్ ఇది? రాత ముత్యాల లెక్క ఉంది" అన్నాడు. ఆ సాయంత్రమే తిరుమలగిరి వెళ్లాను.

ఇది రాస్తానంటే మల్లయ్య వద్దనలేదు. "మా పేర్లు రాసుకో సారూ. నాయిన పేరు మాత్రం రాయకు. అందరి నడుమ పేరు పెట్టి అబద్ధం అన్నవు. గదే చేతితోటి ఇప్పుడు నిజమని రాస్తె ఆ పేరు మీద పడ్డ మచ్చ పోతదా?" లింగమ్మ లోపలి నుంచి అంది, "తాగు, ఛాయ్ చల్లారుతది."

అందుకే ఇందులో ఆయన పేరు లేదు. జనరల్‌కు గుర్తు లేక రాయలేదు. నాకు గుర్తుండీ రాసే హక్కు లేదు. ఈ కాగితాలను ఆ ఫైలులో నా పాత కాగితం పక్కనే ఉంచుతామని పాఠశాలవాళ్లు ఒప్పుకున్నారు. ఇంకో ప్రతి లైబ్రరీకి ఇస్తున్నాను.

సాయపడ్డవాళ్లకు దండాలు. తాత అడిగే మాటలన్నీ గుర్తుపెట్టుకొని నాకు చెప్పిన సుభద్ర మేడంకు. అసలు నిజం తెలిశాక, తప్పు తనది కూడా అని ఒప్పుకొన్న వెంకటయ్య సారుకు. ఆ పుస్తకం రెండోసారి కూడా ఇచ్చిన కోదాడ ప్రసాదరావు గారికి. త్రిపురారంలో నేనన్న అబద్ధం సంగతి తెలిశాక కూడా బావా అనే పిలుస్తున్న సైదులుకు. మల్లయ్యకు. లింగమ్మకు.

లెక్కపెడితే ఆరుగురు. లెక్కపెట్టకండి. ఎవరు లేరో చూడండి.